తప్పులు చెప్పే చుట్టరికం

పోయిన సెమిస్టర్‌లో నేను దొరికిపోయాను. కవిత్రయం మీద అసైన్‌మెంట్ ఇచ్చాక మేడమ్ మా ముగ్గుర్ని లేపి నిలబెట్టారు. ముగ్గురి కాగితాల్లోనూ "రాజమహేంద్రవరం"లో సున్న లేదు. నా కాగితంలోనూ, హాస్టల్ అమ్మాయి కాగితంలోనూ ఇంకో తప్పు కూడా ఉంది. అరణ్యపర్వంలో మిగిలిన భాగం పూర్తి చేసింది ఎర్రన కదా, మేమిద్దరం తిక్కన అని రాశాం.

"మిగతావాళ్ళంతా ఊరి పేరు ఒకేలా సరిగ్గా రాశారు, వాళ్ళూ కాపీ కొట్టినట్టేనా మేడమ్?" అని బింకంగా అడిగాను.

"సరైంది పుస్తకంలోనే ఉంది, ఎవరైనా రాస్తారు. ఒకే తప్పు ఒకే చోట ముగ్గురికి ఎట్లా వచ్చింది?" అన్నారు.

బోర్డు మీద కొమ్మ గీశారు. ముగ్గురూ ఒక కొమ్మ. అందులో మేమిద్దరం ఇంకా దగ్గర కొమ్మ. నిజమే! నేనూ హాస్టల్ అమ్మాయీ ఒకరి కాగితం ఒకరం చూడలేదు. ఇద్దరం చూసింది ఒకే పాత నోట్సు ఫొటో. మూడో అమ్మాయి చూసింది ఆ నోట్సుకు మూలమైన ఇంకో నోట్సు. ఫొటో డిలీట్ చేసేశాం, అయినా అందులో ఏ తప్పులున్నాయో మేడమ్ చెప్పేశారు. తాళపత్ర ప్రతులు పరిష్కరించేవాళ్ళు కూడా ఏ ప్రతికి ఏది మూలమో ఇలాగే తేలుస్తారట.

సాయంత్రం జువాలజీ చదివే స్నేహితురాలికి ఇది చెప్పుకుని ఏడిస్తే, "మేం జంతువుల వంశవృక్షం గీసేదీ ఇట్లానే" అని నవ్వింది. అప్పట్నించి దాని గురించి చదువుతున్నాను.

దాదాపు ప్రతి జీవకణంలోనూ డి.ఎన్.ఎ. అనే పెద్ద రాత ఉంటుంది. దానికి అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు పోయేటప్పుడు ఈ రాత నకలవుతుంది. నకలులో అప్పుడప్పుడూ ఒక అక్షరం మారుతుంది, ఒక ముక్క పోతుంది, కొత్త ముక్క చేరుతుంది. ఆ మార్పు తర్వాతి తరాలకూ అందుతుంది.

తిమింగలం సంగతి చూడండి. చూపుకి అది సొరచేపలా ఉంటుంది. కానీ నీళ్ళలో ఈదే బతుకు ఎవరికైనా అలాంటి ఒళ్ళే ఇస్తుంది, కాబట్టి పోలిక సాక్ష్యం కాదు. నీటిగుర్రాన్ని చాలాకాలం పందికి దగ్గరగా పెట్టారు. 1990ల్లో జపాన్‌లో నొరిహిరో ఒకాడా బృందం జన్యువుల్లో వెతికింది. డి.ఎన్.ఎ.లో కొన్ని చిన్న ముక్కలు తమను తామే నకలు చేసుకుని ఎక్కడో ఒకచోట దూరిపోతాయి. ఒకే ముక్క సరిగ్గా అదే చోట రెండు జంతువుల్లో విడివిడిగా దూరడం చాలా అరుదు. దూరింది ఆనవాలు లేకుండా పోవడమూ అరుదే. మా "తిక్కన" లాంటిదన్నమాట.

కొన్ని ముక్కలు తిమింగలం, నీటిగుర్రం, ఆవులాంటి నెమరువేసే జంతువులు మూడింటిలోనూ దొరికాయి. ఒంటెలో, పందిలో లేవు. ఇంకొన్ని తిమింగలంలో, నీటిగుర్రంలో మాత్రమే ఉన్నాయి, ఆవులో లేవు. కొమ్మలో కొమ్మ! 1999లో ఆ బృందం తేల్చింది: ఇప్పుడు బతికున్నవాటిలో తిమింగలానికి అతి దగ్గరి చుట్టం నీటిగుర్రం.

నీటిగుర్రం నుంచి తిమింగలం పుట్టిందని కాదు. రెండూ ఇప్పుడు లేని ఒకే పూర్వజంతువు నుంచి వచ్చాయి, మా డిలీట్ అయిన ఫొటో లాగ. 2001లో పాకిస్తాన్‌లో దొరికిన పాత తిమింగలాల చీలమండ ఎముకల వివరాలు బయటికొచ్చాయి. అవి చీలిన గిట్టల జంతువులకుండే రెండు గిలకల ఆకారంలోనే ఉన్నాయి. జన్యువు చెప్పిందే ఎముకా చెప్పింది.

జాగ్రత్త కూడా కావాలి. ఒక్క అక్షరం మార్పు రెండు జంతువుల్లో వేర్వేరుగా జరగొచ్చు. సున్న మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది కదా! అందుకే ఒక్క చోటు చూసి తీర్పు చెప్పరు. ఎన్నో జన్యువులు పక్కపక్కన పెట్టి, కంప్యూటర్‌తో లెక్కగట్టి, ఎక్కువ సాక్ష్యం ఏ చెట్టుకుందో చూస్తారు.

ఇదంతా నేను రాయడానికి ఇంకో కారణముంది. మాది హోసూరు. ఇంట్లో తెలుగు, అరవం రెండూ నడుస్తాయి. మొదటి ఏడాది నేను "పుస్తకం ఆడ ఉండాది" అంటే క్లాసులో నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు నోరు తెరవలేదు. ఇంటికి పోయి "అట్లనొద్దు అవ్వా" అని మా అవ్వనే దిద్దాను. ఈ ఏడాది చిత్తూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి మొదటిరోజే "మా ఊరు శానా దూరం ఉండాది" అంది. ఎవరో మా ఇంటివాళ్ళు వచ్చినట్టు అనిపించింది.

ఒక్క మాటతో చుట్టరికం తేలదని ఇప్పుడు నాకు తెలుసు. అందుకే మా అవ్వ మాటలు ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. ఆ అమ్మాయి తన అవ్వ మాటలు రాస్తానంది. పక్కపక్కన పెట్టి చూస్తాం. ఈసారి మాత్రం ఒకరిది ఒకరం చూసి రాయం మేడమ్!