ఎత్తుపల్లాల దారిలో ఇరవై ఒక్క కిలోమీటర్లు



మన వసతి గృహంలో పరుగు అనగానే గుర్తొచ్చేది సెలక్షన్లే. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు, సైన్యానికి ఇంకో పరుగు. అవి కాగానే నెగ్గినవాడూ, నెగ్గనివాడూ బూట్లు మూలన పడేస్తారు. నెగ్గనివాడికైతే ఆ తరువాత పరుగు మాటే చేదు. ఎవరినీ ఓడించనక్కరలేని పరుగు కూడా ఒకటుంది. దాని గురించి పూర్వ విద్యార్థులుగా నాలుగు మాటలు మీతో పంచుకోవాలని మా కోరిక.

హాఫ్ మారథాన్ దూరం 21.0975 కి.మీ. అంటే 42.195 కి.మీ.ల పూర్తి మారథాన్‌లో సరిగ్గా సగం. హైదరాబాదులో ఆగస్టు నెలలో జరిగే పరుగుకు ఫ్లైఓవర్ల ఎత్తుల వల్ల కష్టమైనదని పేరు. అయినా ఉత్తరాంధ్ర వాళ్లకు కొండ, దూరం రెండూ కొత్తవి కావు. ఏటా ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణలో జనం కొండ చుట్టూ దాదాపు 32 కి.మీ. నడుస్తారు. చాలామంది కాళ్లకు చెప్పులుండవు. ముసలమ్మలు కూడా కబుర్లు చెప్పుకుంటూ పూర్తి చేస్తారు. వాళ్లెవరూ గడియారం చూసుకోరు!

ఎత్తు ఎక్కితే ఆయాసం ఎందుకు? మన సైన్సు పుస్తకంలోని స్థితిశక్తి సూత్రమే జవాబు చెబుతుంది. 50 కిలోల మనిషి 100 మీటర్ల ఎత్తు ఎక్కితే 50 × 9.8 × 100, అంటే 49,000 జౌళ్ల పని. ఇది సుమారు 12 కిలోకేలరీలు. కానీ కండరాలు తాము ఖర్చుచేసే శక్తిలో దాదాపు నాలుగో వంతునే పనిగా మార్చగలవు. కాబట్టి అసలు ఖర్చు 47, 48 కిలోకేలరీలు. చదును నేల మీద అదే మనిషి ఒక కిలోమీటరు పరుగెత్తితే సుమారు 50 అవుతుంది. అంటే 100 మీటర్ల ఎత్తు, ఒక కిలోమీటరు అదనపు దూరంతో సమానం. మొత్తం 300 మీటర్లు ఎక్కించే హాఫ్ మారథాన్‌లో ఎక్కుడు ఖర్చే మూడు కిలోమీటర్లంత. దిగేటప్పుడు అందులో కొంతే తిరిగొస్తుంది. ఈ లెక్క తెలిస్తే చదును రోడ్డు టైముతో పోల్చుకుని బాధపడే పని ఉండదు.

ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయాలి. పక్కవాడితో మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టే. మరీ నిటారుగా ఉంటే నడవండి, అందులో నామోషీ లేదు.

దిగుడును అందరూ తేలిక అనుకుంటారు. మా దృష్టిలో అసలు పరీక్ష అదే. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బ్రేకు వేస్తుంది. దానివల్ల సన్నని గాయాలై, నొప్పి మరునాడో ఆ మరునాడో ముదురుతుంది. హాస్టల్ మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది సంగతి! వెనక్కి వాలకుండా చిన్న అడుగులతో దిగాలి. ఒకసారి అలవాటైన కండరానికి తరువాతిసారి నొప్పి తక్కువ.

మనలాగే సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఆమె సాధన మొదలైంది భువనగిరి రాతికొండ మీద. మనకు కోటబొమ్మాళిలో చెరువు గట్టు వాలు చాలు మొదలుపెట్టడానికి. వారంలో మూడు రోజులు కొద్ది దూరం, ఆదివారం కాస్త ఎక్కువ. దాన్ని మెల్లగా పెంచుకుంటూ పోతే మూడు నాలుగు నెలలు పడుతుంది. చీకట్లో జాతీయ రహదారి మీద మాత్రం పరుగెత్తవద్దు. లారీ డ్రైవరుకు మీరు కనబడరు.

తిండికి ఖరీదైన పొడులు అక్కరలేదు. పరుగుకు రెండు గంటల ముందు చోడి అంబలి, ఒక అరటిపండు, తరువాత అన్నం, గుడ్డు సరిపోతాయి. నీళ్లు దాహం వేసినప్పుడల్లా తాగాలి, చెమట బాగా పోసిన రోజు ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఇంకొకటి గట్టిగా చెప్పాలి. నొప్పి రాకుండా ముందే నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తే అలవాటు కొందరికి ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఉద్దానం ఊళ్ల సంగతి తెలిసిన మనం ఆ పని అసలు చేయకూడదు. నొప్పి ఉంటే ఆ ఆదివారం మానేసి, పై ఆదివారం వెళ్లండి.