పూజగదిలో పైన్ చెట్టు

రండి చెల్లెళ్ళూ, ఇవాళ్టి ముచ్చట పైన్ చెట్టు గురించి. "అదేంటక్కా, సినిమా పాటల్లో హీరోయిన్ చుట్టూ తిరిగే చెట్టేగా, దాంతో మనకేం పని?" అంటారేమో. అరకు వెళ్ళినప్పుడు అటవీశాఖవాళ్ళు పెంచిన తోటలో నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తాం, చుట్టరికం అంతటితో సరి అనుకుంటాం. మరి పొద్దున హారతిచ్చిన కర్పూరం ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు?

కర్పూరం చెట్టు వేరే ఉంది, నిజమే. కానీ ఇప్పుడు బజార్లో దొరికే హారతి కర్పూరం చాలామటుకు టర్పెంటైన్‌తో ఫ్యాక్టరీలో తయారయ్యేదే. ఆ టర్పెంటైన్ పైన్ జిగురులోది. హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో 'చీడ్' అనే రకం పైన్ ఉంటుంది. బెరడు చెక్కి గాటు పెట్టి, తాటిచెట్టుకి ముంత కట్టినట్టు కింద చిన్న గిన్నె తగిలిస్తారు. బొట్టుబొట్టుగా కారే ఆ జిగురు పేరు లీసా. బట్టీ పడితే ఆవిరిగా పోయి చల్లబడి నూనెగా దిగేది టర్పెంటైన్, అడుగున మిగిలేది తేనెరంగు గడ్డ, రోజిన్. అన్నట్టు, చక్కెర పొంగలిలో పచ్చకర్పూరం అయిపోయిందని ఈ హారతి బిళ్ళ నలిపి వేసేరు సుమా! పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ కూడా వస్తాయి. డబ్బా పై అరలోనే ఉండాలి.

ఇక రోజిన్ సంగతి. కచేరీకి ముందు వయొలిన్ విద్వాంసులు కమానుకి రుద్దుకునేది అదే. టీవీ రిపేరు అబ్బాయి సోల్డరింగ్‌కి వాడేదీ అదే. పార్లర్లో వాడే వ్యాక్సుల్లో కూడా కొన్నిటిలో ఉంటుంది. వ్యాక్సింగ్ అయ్యాక ఎర్రగా దద్దుర్లు లేచేవాళ్ళు "నా చర్మమే అంత" అని ఊరుకోకండి, కొందరికి రోజిన్ పడదు. డాక్టరుకి ఆ మాట చెప్పండి.

తినేదీ ఉంది. హిమాచల్‌లోని కిన్నౌర్‌లో పెరిగే మరో రకం పైన్ కాయల్లోంచి చిల్గోజా గింజలు వస్తాయి. బేగంబజారులో ధర అడిగితే జీడిపప్పు మీద ప్రేమ పుడుతుంది! కొంటే కొద్దిగానే కొని ఫ్రిజ్‌లో పెట్టుకోండి, నూనె గింజ కదా, తొందరగా ముక్కవాసన వస్తుంది.

ఇన్ని లాభాలున్నా, ఆ చెట్టు నీడన బతికే ఆడవాళ్ళకి దానిమీద మమకారం తక్కువ. ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్, కుమావూఁ పల్లెల్లో వాళ్ళకి కావలసింది బాంజ్, అంటే ఓక్ చెట్టు. పశువులకి మేతా, పొయ్యికి కట్టెలూ దాంతోనే. పైన్ ఆకు పశువు ముట్టదు. కలప కోసం, లీసా కోసం బ్రిటిష్‌వాళ్ళు పైన్‌నే పెంచారు. 1921లో కడుపుమండిన కుమావూఁ జనం ఆ అడవులకే నిప్పుపెట్టారు. నన్నడిగితే వాళ్ళ కోపంలో న్యాయం ఉంది.

అయినా ఆ ఆడవాళ్ళు రాలిన ఆకునీ వదలరు. సూదుల్లా సన్నగా, మూడేసి చొప్పున అతుక్కుని ఉండే ఆ ఆకుని పిరూల్ అంటారు. మోపులు కట్టి తెచ్చి కొట్టంలో పశువుల కింద పరుస్తారు, పేడతో కలిసి ఎరువవుతుంది. ఇప్పుడు పొయ్యిలోకి ఇటుకల్లా అచ్చువేస్తున్నారు కూడా. 2024లో ఉత్తరాఖండ్ ప్రభుత్వం 'పిరూల్ లావో, పైసే పావో' (పిరూల్ తెండి, డబ్బు పొందండి) అని పిలుపిచ్చింది. ఎందుకంటే ఎండాకాలంలో అడవి నేలంతా ఈ ఎండాకే. నూనె ఊరిన ఆకు, నిప్పురవ్వ పడితే కొండ కొండంతా అంటుకుంటుంది.

మనవాళ్ళు చార్‌ధామ్‌కి ఎక్కువగా వెళ్ళేదీ ఆ మే, జూన్ నెలల్లోనే. రిషీకేశ్ దాటాక ఘాట్ రోడ్డులో బండి ఎక్కినప్పుడు మీవారి మీద ఓ కన్నేసి ఉంచండమ్మా, వెలుగుతున్న సిగరెట్ పీక కిటికీలోంచి విసరనివ్వకండి.