సారా పాటకు చెక్ పెట్టిన పాఠం

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు పోటీ పరీక్షల పుస్తకాల్లో సారా వ్యతిరేక ఉద్యమం కింద కనిపిస్తుంది. దాన్ని మాధ్యమాల అధ్యాయంలోనూ చదవాలి.

1990ల మొదట్లో అక్కడి కూలి మహిళలు రాత్రి బడికి వెళ్లేవారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుడుతో గుల్లైన ఇంటి కథ అది. చదివినవాళ్లకు అందులో సొంత ఇల్లే కనిపించింది. అక్షరాలు దిద్దుకోవడం పక్కనపెట్టి ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ వార్త పత్రికలకెక్కింది, మళ్లీ వాచకంలోకీ వచ్చింది. పక్క ఊళ్లు దాన్ని చదువుకున్నాయి. సారా వేలంపాటలకు అడ్డం తిరిగాయి. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండోది ఎక్కువ కాలం నిలవలేదు.

అమెరికా పండితుడు జేమ్స్ కేరీ 1989 నాటి పుస్తకంలో సమాచార ప్రసారాన్ని రెండు రకాలుగా చూశాడు: కబురు చేరవేత ఒకటి, నమ్మకాలను పంచుకుంటూ సమాజాన్ని నిలిపే క్రతువు మరొకటి. పరీక్షలో తికమక పెట్టేది ఈ రెండోదే. ఒకే కథ చదివి ఊళ్లు ఒక్కటైన దూబగుంట గుర్తుంటే తికమక ఉండదు.

ఇదే క్రతువుకు మరో ఉదాహరణగా జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియోనూ గుర్తుంచుకోవాలి. నడిపేది దళిత మహిళలు. చిరుధాన్యాలు, విత్తనాలు, పాటలు, అన్నీ తమ యాసలోనే. ఇలాంటి రేడియోకు దారి వేస్తూ, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది 1995లో. స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో అనుమతి దక్కింది 2006లో.