పరమాణు అంతరంగం

ఈ విశ్వం దేనితో నిర్మితమైంది అన్న ప్రశ్న మానవుని ఆలోచనంత ప్రాచీనమైనది. పదార్థాన్ని విభజిస్తూ పోగా చివరకు మిగిలే అవిభాజ్యమైన కణమే పరమాణువని వైశేషిక దర్శనకర్త కణాదుడు ప్రతిపాదించాడు. గ్రీకు దేశంలో డెమొక్రిటస్ కూడా ఇటువంటి భావననే వెల్లడించాడు. వీరికి తర్కమే సాధనం. 1808లో జాన్ డాల్టన్ రసాయనిక చర్యల్లోని భారాల లెక్కలను ఆధారంగా చేసుకొని పరమాణు సిద్ధాంతాన్ని వివరించాడు. ఆయన దృష్టిలోనూ పరమాణువు విడదీయరానిదే.

ఆ నమ్మకం 1897లో సడలింది. కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్, గాలిని దాదాపు పూర్తిగా తొలగించిన గాజు నాళికలో విద్యుత్తును ప్రసరింపజేసి, ఋణావేశం గల సూక్ష్మకణాలను గుర్తించాడు. నాళికలోని వాయువును మార్చినా, లోహాన్ని మార్చినా అవే కణాలు వెలువడ్డాయి. అవే ఎలక్ట్రాన్లు. ఒక్కొక్కదాని ద్రవ్యరాశి హైడ్రోజన్ పరమాణు ద్రవ్యరాశిలో సుమారు 1837వ వంతు మాత్రమే. ధనావేశం పరమాణువు అంతటా పరచుకొని ఉంటుందనీ, పుచ్చకాయ గుజ్జులో గింజల వలె ఎలక్ట్రాన్లు అందులో పొదిగి ఉంటాయనీ థామ్సన్ భావించాడు.

ఈ నమూనాను పరీక్షకు నిలిపినవాడు థామ్సన్ శిష్యుడైన ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్. 1909లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆయన పర్యవేక్షణలో హాన్స్ గైగర్, ఇరవై ఏళ్ల విద్యార్థి ఎర్నెస్ట్ మార్స్‌డెన్ పలుచని బంగారు రేకుపై ధనావేశం గల ఆల్ఫా కణాలను ప్రయోగించారు. చీకటి గదిలో కూర్చొని, తెరపై మెరిసే కాంతి బిందువులను సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటిగా లెక్కించారు. కణాలలో అత్యధిక భాగం రేకును దాటి సూటిగా పోయాయి. కానీ వేలలో ఏ ఒక్కటో వచ్చిన దారినే వెనుదిరిగింది! పలుచని కాగితంపై పేల్చిన ఫిరంగి గుండు తిరిగివచ్చి పేల్చినవానికే తగిలినట్లుందని రూథర్‌ఫర్డ్ అనంతరకాలంలో ఆ ఆశ్చర్యాన్ని పోల్చి చెప్పాడు.

పరచుకొని ఉన్న ధనావేశానికి అంతటి శక్తి ఉండదు. కనుక ధనావేశమూ, దాదాపు మొత్తం ద్రవ్యరాశీ పరమాణువు నడుమ అత్యల్ప స్థలంలో కేంద్రీకృతమై ఉన్నాయని 1911లో రూథర్‌ఫర్డ్ నిర్ధారించాడు. అదే కేంద్రకం. పరమాణువును నూరు మీటర్ల ఆటస్థలంగా ఊహిస్తే కేంద్రకం దాని నడుమ ఉంచిన ఆవగింజ వంటిది. తక్కిన ప్రదేశంలో ఉన్నవి అతి తేలికైన ఎలక్ట్రాన్లే. గట్టివిగా తోచే బండరాయి, ఇనుప దిమ్మె కూడా ఇటువంటి పరమాణువుల కూడికలే.

గురువు నమూనాను శిష్యుని ప్రయోగం తోసిపుచ్చింది. అయినా థామ్సన్ ఘనత తగ్గలేదు; ఆయన కనుగొన్న ఎలక్ట్రాన్ నేటికీ విజ్ఞానశాస్త్రానికి పునాదిగా నిలిచి ఉంది. రూథర్‌ఫర్డ్ నమూనా కూడా సంపూర్ణం కాదు. కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని కోల్పోయి అందులో ఎందుకు పడిపోదన్న ప్రశ్నకు అది సమాధానం చెప్పలేకపోయింది. నిర్దిష్ట శక్తి గల కక్ష్యలలోనే ఎలక్ట్రాన్లు ఉంటాయని 1913లో నీల్స్ బోర్ వివరించాడు. తరువాతి క్వాంటం సిద్ధాంతం ఆ కక్ష్యల భావననూ సవరించింది.

1919లో రూథర్‌ఫర్డ్ తన ప్రయోగాల ద్వారా కేంద్రకంలోని ధనావేశ కణమైన ప్రోటాన్‌ను వెలుగులోకి తెచ్చాడు. 1932లో జేమ్స్ చాడ్విక్ ఆవేశంలేని న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. ప్రోటాన్ల సంఖ్యే మూలకాన్ని నిర్ణయిస్తుంది. 79 ప్రోటాన్లు ఉంటే బంగారం, 80 ఉంటే పాదరసం. రసవాదులు శతాబ్దాలపాటు కొలిమిలో వెదకిన రహస్యం ఈ ఒక్క సంఖ్యలో దాగి ఉంది. కొలిమి వేడి కేంద్రకాన్ని మార్చలేదు గనుకనే వారి శ్రమ ఫలించలేదు.

ప్రోటాన్లు, న్యూట్రాన్లు సైతం క్వార్కులనే కణాలతో నిర్మితమైనవని 1964 తరువాతి పరిశోధనలు తెలిపాయి. అవిభాజ్యమనుకున్నది విభాజ్యమైంది. ఎంతటి పెద్దల మాటనైనా ప్రయోగంతో పరీక్షించడం, సత్యం వెల్లడైనప్పుడు దానికి తలవంచడం విజ్ఞానశాస్త్ర ధర్మం. పరమాణు చరిత్ర బోధించే పాఠం ఇదే.

ప్రశ్నలు
1. బంగారు రేకు ప్రయోగాన్ని వివరించి, దాని ద్వారా తేలిన సత్యాన్ని తెలపండి.
2. రసవాదుల శ్రమ ఎందుకు ఫలించలేదు?
3. "గురువు నమూనాను శిష్యుని ప్రయోగం తోసిపుచ్చింది." సందర్భాన్ని వివరించండి.