ముందు ఇంజను తిరగనీ

వేటపాలెం

చిరంజీవి నాన్నాకు,

తాతయ్య మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరుని మళ్లీ నడిపిస్తానన్నావని మీ నాన్న చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పర్చూరు నల్లరేగడిలో పత్తికీ మిరపకీ దున్నిన బండి అది. ఏప్రిల్ ఎండల్లో మిరప టిక్కీలు వేసిన ట్రక్కును గుంటూరు యార్డు దాకా లాగింది కూడా అదే.

ఒక్క మాట పట్టు. మొత్తం ఒకేసారి విప్పెయ్యకు. నువ్వు హైదరాబాదు నుంచి శని, ఆదివారాలే వస్తావు. మనది సముద్రం పక్క ఊరు, విప్పి వదిలేసిన ఇనుము మళ్లీ నువ్వొచ్చేసరికే ఎర్రబారుతుంది. ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోతావు. అలా విప్పి గోతాల్లో పోసిన బళ్లు ఆఖరికి పాత ఇనప కొట్టుకే పోయాయి. ఒక భాగం విప్పితే, అది బాగుచేసి బిగించాకే రెండోది ముట్టుకో.

మొదటి పని ఇంజను. బండిని ఇంకో ట్రాక్టరుకు కట్టి లాగించమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఏళ్లుగా కదలని పిస్టన్లు లైనర్లకు పట్టేసి ఉంటాయి, లాగితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మూడు నాజిల్సూ తీసి, డీజిలూ ఇంజనాయిలూ కలిపి ఒక్కో సిలిండర్లో కాస్త పోసి నాననివ్వు. తరవాత ముందు పుల్లీ నట్టుకి స్పానర్ వేసి చేత్తో అటో వెంట్రుకవాసి, ఇటో వెంట్రుకవాసి కదుపు. మొండికేస్తే ఇంకా నాననివ్వు, బలం చూపించకు. పూర్తిగా తిరిగాక, నాజిల్స్ పెట్టకముందే బాగా తిప్పి లోపలి నూనె బయటికి చిమ్మనివ్వు. అది లోపల నిలిచిపోతే స్టార్టరు కొట్టగానే రాడ్డు వంగిపోతుంది.

పాత డీజిలు, ఆయిలు పారబోసి ఫిల్టర్లు మార్చు. ఆయిలు పాలరంగులో వస్తే నీళ్లు కలిసినట్టే, అప్పుడు హెడ్డు విప్పాల్సి రావచ్చు. లైన్లో గాలి పోవడానికి డీజిల్ ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడుతుంటే ముందు నురగ, తరవాత బుడగలు, ఆఖరికి నిండు ధార వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించు. డీజిల్ పంపు మాత్రం ఇంట్లో విప్పకు, క్యాలిబ్రేషన్ చేసే షాపుకే ఇవ్వు.

తొలిసారి స్టార్ట్ చేసేప్పుడు ఒకరు ఎయిర్ క్లీనర్ గొట్టం దగ్గర చెక్కపలకతో నిలబడాలి. పంపులో వాల్వు పట్టేసి ఉంటే ఇంజను రేజు అందుకుని, స్టాప్ లాగినా ఆగదు. గాలి మూసేస్తేనే ఆగుతుంది. చెయ్యి అడ్డం పెట్టకు.

క్లచ్ దగ్గర నాకు భయం. ఈ బండికి జీపులా విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజను, గేర్‌బాక్సు, వెనక హౌసింగు ఒకదానికొకటి బిగించడమే దాని వెన్నెముక. ముందు ఇరుసేమో నడిమి పిన్ను మీద ఊగుతుంది. క్లచ్ కోసం బండిని రెండు చేస్తే ముందు సగం పక్కకు ఒరిగి మనిషి మీద పడగలదు. ఇరుసుకు రెండు పక్కలా పైన కర్రముక్కలు బిగ్గా దిగ్గొట్టాకే బోల్టులు వదులు చెయ్యి. దొడ్డి ఇసకనేల కాబట్టి జాకీ కింద మందపాటి పలక వెయ్యి. నేను పక్కన లేకుండా ఆ పని మొదలుపెట్టొద్దు.

హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన మూడు చేతుల హైడ్రాలిక్ లిఫ్టు వంశమే మన బండిది. ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరిలో దక్షిణ ధ్రువం చేరింది ఆ ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదే. మద్రాసులో టాఫే కంపెనీ 1960లో మొదలయ్యాక మాసీలు మన చేలల్లోకొచ్చాయి. అందుకే లిఫ్టు చేతులు, ట్రక్కు కొక్కెం అసలువే ఉంచు.

నువ్వు పంపిన ఎర్రరంగు నమూనా బాగుంది. కానీ రంగు ఆఖరున. మడ్‌గార్డు మీద తాతయ్య చెయ్యి ఆనించి ఆనించి రంగు పోయిన చోట మాత్రం వెయ్యొద్దు, అది నా కోరిక.

బండి ఆర్సీ ఇంకా తాతయ్య పేరునే ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నియమం యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకీ కార్లకీ తప్ప ట్రాక్టర్లకు వర్తించదు. కాబట్టి వారసుల పేరుకు మార్పించే కాగితాలు మీ నాన్నతో ఇప్పుడే మొదలుపెట్టించు. ఈసారి వచ్చి వెళ్లేప్పుడు పాత నాజిల్ వాషర్లు తీసుకెళ్లు, వాటి కొలతకు సరిపోయే రాగివి హైదరాబాదులో వెతుకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న