వనసీమలో విడిది : క్రూగర్ జాతీయోద్యానం – ఒక పరిశీలన

యాత్రకు బయలుదేరేవారు ఏమి చూడాలో ముందు నిర్ణయించుకొని, ఎక్కడ బస చేయాలో తరువాత ఆలోచించడం పరిపాటి. నగరాల విషయంలో ఈ పద్ధతి చెల్లుతుంది గాని, ఆఫ్రికా ఖండపు వన్యమృగ సంరక్షణ వనాలలో చెల్లదు. అక్కడ విడిది ఎక్కడో తేలితేగాని చూడగలిగినదేదో తేలదు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయోద్యానాన్ని ఉదాహరణగా గైకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాము.

1898లో సాబీ నదీ ప్రాంతంలో ఏర్పడిన మృగరక్షిత ప్రదేశం దీనికి బీజం. 1926లో అది జాతీయోద్యానమైనది. ఉత్తర దక్షిణాలుగా సుమారు 360 కిలోమీటర్ల పొడవు, సగటున 65 కిలోమీటర్ల వెడల్పు గల ఈ వనాన్ని ఒకే బస నుండి చూడటం అసాధ్యం.

మొదట గమనింపవలసినది దూరం. ఇక్కడ తారు రోడ్డుపై గంటకు 50, మట్టి బాటపై 40 కిలోమీటర్ల వేగాన్ని మించరాదు. శిబిర ద్వారాలు ఋతువుననుసరించి నిర్ణీత వేళలకు మూతపడతాయి. జూన్ మాసంలో సాయంత్రం అయిదున్నరకే మూస్తారు. స్కుకుజా నుండి సతారాకు దాదాపు 90 కిలోమీటర్లు. లెక్క ప్రకారం రెండు గంటల ప్రయాణమే గాని, ఏనుగుల మంద బాట దాటుతూ ఉంటే ఆగక తప్పదు. ఆ దృశ్యం కొరకే కదా మనము వెళ్ళినది! కావున దినమునకొక శిబిరం మారుట కంటె, రెండు శిబిరాలలో చెరి మూడు రాత్రులు గడపడం మేలు.

రెండవది నేల స్వభావం. సాబీ నది ఒడ్డునున్న స్కుకుజా అన్నిటికంటె పెద్ద శిబిరం. సౌకర్యాలూ ఎక్కువే, సందడీ ఎక్కువే. సతారా చుట్టూ పచ్చిక మైదానాలు గలవు. పచ్చిక ఉన్నచోట జీబ్రాలు, వాటి వెంట సింహాలు చేరడం ప్రకృతి ధర్మం. ఓలిఫాంట్స్ శిబిరం కొండకొమ్మున ఉండి, క్రింద ప్రవహించే నదిని చూపుతుంది. ఉత్తరాన గల పుండా మారియా పక్షులను ప్రేమించేవారికి తగినది.

మూడవది ఋతువు. మే నుండి సెప్టెంబరు వరకు వానలు లేక పొదలు పలచబడతాయి. మృగాలు నీటి రేవులకు చేరతాయి. అప్పుడు నదీతీరపు విడిది ఉత్తమం. వానకాలంలో వనం పచ్చగా ఉండి వలస పక్షులు వస్తాయి గాని, మలేరియా భయం హెచ్చు. వైద్యుని సలహా పొందకుండా వెళ్ళరాదు.

నాల్గవది వ్యయం. ప్రభుత్వ శిబిరాలలో గుడారపు స్థలం మొదలు వంట చేసుకొనే వీలున్న కుటీరాల వరకు లభిస్తాయి. ఆహార నియమాలు పాటించేవారికి ఇవి అనుకూలం. పడమటి సరిహద్దునున్న ప్రైవేటు వనాలలో ఖర్చు అనేక రెట్లు ఎక్కువ. అయితే అక్కడ మార్గదర్శకులు బాట విడిచి మృగాల చెంతకు కొనిపోగలరు.

చివరిది న్యాయానికి సంబంధించినది. వర్ణవివక్ష రాజ్యమేలిన కాలంలో ఈ వనంలో శ్వేతజాతీయులతో సమానమైన వసతి ఇతరులకు దక్కేది కాదు. అంతేకాదు, 1969లో ఉత్తర కొసనున్న మకులేకే ప్రజలను వారి భూమి నుండి బలవంతంగా వెళ్ళగొట్టి, ఆ నేలను ఉద్యానంలో కలిపివేశారు. 1998లో ఆ భూమి వారికి తిరిగి దక్కినది. వారు దానిని సేద్యానికి మరలింపక వన్యప్రాణులకే విడిచి, విడిది గృహాల ద్వారా ఆదాయం పొందే మార్గాన్ని ఎన్నుకొన్నారు. మృగాలను కాపాడే పేరిట మనుషులను తరిమిన చరిత్రకు ఇంతకంటె ఉదాత్తమైన సమాధానం ఉండబోదు.

దూరం, నేల, ఋతువు, వ్యయం – ఈ నాలుగూ మన సౌకర్యానికి సంబంధించినవి. మనమిచ్చే పైకం ఎవరి చేతికి చేరుతుందన్న అయిదవ ప్రశ్న మన సంస్కారానికి సంబంధించినది. విజ్ఞుడైన యాత్రికుడు అయిదింటినీ తూచి విడిదిని ఎన్నుకొనవలెను.