మనసుకు వైద్యం చేసేవారి శిక్షణ: ఇంట గెలిచి రచ్చ గెలవడం

ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చాయంటే మన విచారణల్లో ప్రతి ఇంటా ఒకటే చర్చ. అబ్బాయిని ఇంజనీరింగులో చేర్చాలా, అమ్మాయిని నర్సింగుకు పంపాలా అని తల్లిదండ్రులు తర్జనభర్జన పడుతుంటారు. ఆ చర్చ మధ్యలో ఒక్కోసారి కొత్త మాట వినబడుతుంది: "నేను సైకాలజీ చదివి సైకోథెరపిస్టునవుతాను." వెంటనే పెద్దలకు మూడు సందేహాలు వస్తాయి. దానితో బతుకు గడుస్తుందా? మనసు బాగోలేనివారితో కూర్చుంటే మన బిడ్డ మనసు చెడదా? మంచి మాట చెప్పడానికి చదువెందుకు, ఆ పని పెద్దలు, గురువులు చేయడం లేదా?

ప్రియ పాఠకులారా, ఇవి న్యాయమైన సందేహాలే. ఈ చదువు ఎలాంటిదో తెలిస్తే వీటికి జవాబులు దొరుకుతాయి. మన ఇంటి నుండి ఎవరూ ఈ చదువుకు వెళ్లకపోయినా, మనవాళ్లలో ఒకరికి ఎప్పుడైనా ఇలాంటి సహాయం అవసరం కావచ్చు. అప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలియాలంటే కూడా ఈ పాఠం అవసరమే.

ఎవరెవరు?

సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపై మానసిక వైద్యంలో శిక్షణ పొందిన డాక్టరు. మందులు రాసే అధికారం ఆయనకుంటుంది. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రం చదివి, ఆసుపత్రిలో రోగుల మధ్య శిక్షణ పొందినవారు. పరీక్షల ద్వారా సమస్యను గుర్తిస్తారు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. ఆ మాటల చికిత్సనే సైకోథెరపీ అంటారు. దానిని శాస్త్రబద్ధంగా నేర్చుకున్నవారే సైకోథెరపిస్టులు.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకు చట్టం ఉంది. 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వారి రిజిస్టరులో పేరు నమోదు కావాలి. సైకోథెరపిస్టు అనే పేరుకు మాత్రం అలాంటి ప్రత్యేక లైసెన్సు లేదు. అందుచేత కొద్ది వారాల కోర్సు చేసినవారు కూడా బోర్డు కట్టుకోవడం చూస్తున్నాం. ఇక్కడే ప్రమాదముంది. పంటి నొప్పికి వెళ్లేటప్పుడు డాక్టరు ఎక్కడ చదివాడో అడుగుతాం. బిడ్డ మనసును ఒకరి చేతిలో పెట్టేటప్పుడు అడగకపోవడం ఏం న్యాయం?

బెంగుళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ మొదలైంది. 1974లో అది అక్కడి మానసిక చికిత్సాలయంతో కలిసి నేటి నిమ్‌హాన్స్ అయింది. అటువంటి సంస్థలలో ఎం.ఏ. తరువాత రెండేళ్లపాటు రోగుల మధ్య చేసే ఎం.ఫిల్. శిక్షణే చాలాకాలం ప్రధానమైన దారి. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఎం.ఫిల్. పట్టాలను తొలగించాలని నిర్ణయించడంతో ఈ దారులు మారుతున్నాయి. కనుక ఏ కోర్సులో చేరినా అది కౌన్సిల్ గుర్తింపు పొందినదో కాదో ముందే చూసుకోవాలి.

పొయ్యికి మూడు రాళ్లు

1920లో బెర్లిన్ నగరంలో మాక్స్ ఐటింగన్, ఆయన సహచరులు ఒక మానసిక చికిత్సాలయం ప్రారంభించారు. అక్కడ రూపుదిద్దుకున్న శిక్షణ పద్ధతి తరువాత అనేక దేశాలకు వ్యాపించింది. అందులో మూడు భాగాలున్నాయి. ఒకటి, శాస్త్రాన్ని చదవడం. రెండు, అనుభవజ్ఞుడైన పెద్ద పర్యవేక్షణలో రోగులను చూడడం. మూడు, విద్యార్థి తానే మరొకరి ఎదుట కూర్చొని తన మనసును పరిశీలింపజేసుకోవడం.

మూడు రాళ్లలో ఒకటి తీసేస్తే పొయ్యి మీద కుండ నిలవదు. మూడవ రాయి విషయంలో అన్ని సంప్రదాయాలదీ ఒకే మాట కాదు. కొన్ని దానిని తప్పనిసరి అంటాయి, కొన్ని అంత పట్టుబట్టవు. అయినా తన్ను తాను ఎరగనివాడు ఎదుటివారిని ఎరగలేడనే విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఇక్కడ ఇల్లంటే మనసే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి దగ్గరకు కొల్లేటి లంకల నుండి ఒక రైతు వచ్చాడు. చేపల చెరువు కోసం అప్పు చేశాడు. 2006లో కొల్లేరు అభయారణ్యంలోని చెరువుల గట్లు తెంచినప్పుడు అంతా పోయింది. అప్పటి నుండి మద్యానికి అలవాటు పడ్డాడు. ఆయన మాట్లాడుతుంటే అమ్మాయికి లోలోపల కోపం రగులుతోంది. మందలించాలనిపిస్తోంది. ఎందుకు? ఆమె తండ్రి కూడా తాగేవాడు. ఎదురుగా ఉన్న మనిషిని కాక తన తండ్రిని చూస్తోంది. ఈ సంగతి ఆమెకు తెలియకపోతే ఆ రైతుకు చికిత్స బదులు తీర్పు దొరుకుతుంది.

ఆ సాయంత్రం పర్యవేక్షకురాలు ఆమెను అడిగే మొదటి ప్రశ్న "నువ్వు ఏం సలహా ఇచ్చావు?" అని కాదు. "ఆయన చెబుతుంటే నీలో ఏం జరిగిందమ్మా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నిజం చెప్పగలగడమే ఈ విద్యలో అసలు పరీక్ష. కోపమే కాదు, మితిమీరిన జాలి కూడా అడ్డమే. జాలితో తన పర్సు తీసి డబ్బు ఇచ్చే శిష్యురాలు కూడా దారి తప్పినట్టే.

విని నేర్చుకోవడం

కార్ల్ రోజర్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త మొదట న్యూయార్కులోని వేదాంత విద్యాలయంలో రెండేళ్లు చదివి, తరువాత మనస్తత్వశాస్త్రంలోకి వచ్చాడు. చికిత్సలో జరిగే సంభాషణలను, వచ్చినవారి సమ్మతితో రికార్డు చేసి, విద్యార్థులు తమ మాటలను తామే వినేటట్టు చేసినవారిలో ఆయన ముందున్నాడు. అలా రికార్డు చేసిన ఒక పూర్తి చికిత్సను 1942లో పుస్తకంలో ప్రచురించాడు. తన గొంతు తాను వింటే ఎక్కడ అడ్డుతగిలాడో, ఎక్కడ తొందరపడ్డాడో విద్యార్థికి తెలిసిపోతుంది. చికిత్సకునిలో కపటం లేకపోవడం, ఎదుటివారిని షరతులు లేకుండా ఆదరించడం, వారి స్థానంలో నిలబడి అర్థం చేసుకోవడం అనే మూడు గుణాలు ముఖ్యమని ఆయన బోధించాడు.

అయితే విదేశీ పద్ధతిని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దింపితే కుదరదు. మనవాళ్లు డాక్టరు దగ్గర "నాకు దిగులుగా ఉంది" అని మొదలుపెట్టరు. గుండె దడ అంటారు, నరాల బలహీనత అంటారు, ఒళ్లంతా మంటలంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో చదివిన విద్యార్థి ఈ తెలుగు మాటల వెనుక ఉన్న బాధను వినడం నేర్చుకోవాలి. అంతేకాదు, మనవాళ్లు రెండవ రోజుకే "అక్కా, నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావో" అంటారు. జస్వంత్ సింగ్ నేకీ అనే మన దేశపు మానసిక వైద్యుడు 1973లో ప్రచురించిన వ్యాసంలో ఇక్కడి చికిత్సా సంబంధాన్ని గురుశిష్య సంబంధంతో పోల్చి చర్చించాడు. దారి చూపమని అడిగేవారిని చిన్నబుచ్చకుండా, వారి నిర్ణయం వారే తీసుకొనేటట్టు నిలబెట్టడం మన ప్రాంతపు విద్యార్థి నేర్చుకోవలసిన కష్టమైన పాఠం.

తత్వశాస్త్రంలో సోక్రటీసు కథ ఇందుకు సరిపోతుంది. ఆయన తల్లి మంత్రసాని. తన పని కూడా అలాంటిదేనని, ఎదుటివారి లోపల ఉన్నదానిని బయటకు తీసుకురావడమేనని ఆయన చెప్పినట్టు ప్లేటో రాశాడు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలని మన సామెత. కన్నీళ్లు వచ్చినా, తిట్లు వచ్చినా, మౌనం వచ్చినా పట్టుకోవడానికి చేతులు సిద్ధంగా ఉండాలి.

ఎదుగుదలలో మెట్లు

నార్వే దేశపు రోన్నెస్టాడ్, అమెరికాకు చెందిన స్కోవ్‌హోల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు మిన్నెసోటా రాష్ట్రంలో నూరుమంది కౌన్సెలర్లను, చికిత్సకులను కలిసి, వారు ఎలా ఎదిగారో అడిగి తెలుసుకున్నారు. ఆ ఫలితాలను 1992లో ప్రచురించారు, తరువాత వాటిని ఆరు మెట్లుగా వివరించారు.

మొదటి మెట్టు శిక్షణ లేని సహాయకుడు. మన వీధిలో ప్రతి ఇంటి గొడవకూ వెంటనే సలహా ఇచ్చే పెద్దమ్మ వంటివారు. ప్రేమకు కొదువ లేదు, తొందర ఎక్కువ. రెండవది కొత్త విద్యార్థి. తెలిసిందనుకున్నదంతా తెలియదని అర్థమై భయపడతాడు, సులువైన చిట్కా కోసం వెతుకుతాడు. మూడవది ముదిరిన విద్యార్థి. తప్పు జరగకూడదని అతి జాగ్రత్తతో బిగుసుకుపోతాడు. నాలుగవది పట్టా చేతికి వచ్చిన కొత్త వృత్తి నిపుణుడు. చదివింది చాలలేదని నిరాశ పడతాడు. ఐదవది అనుభవజ్ఞుడు. తన స్వభావానికి తగిన పద్ధతి దొరుకుతుంది, తన దగ్గరకు వచ్చినవారే గురువులని గ్రహిస్తాడు. ఆరవది వృద్ధ నిపుణుడు. తన పరిమితులను అంగీకరించి వినయంతో పనిచేస్తాడు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. కాలం గడిచినంత మాత్రాన ఎవరూ మెట్లెక్కరు. తన పనిని తాను తిరిగి చూసుకొనేవాడే ఎక్కుతాడు. చూసుకోనివాడు ఇరవై ఏళ్లయినా అక్కడే ఆగిపోతాడు. ఇది కాపురానికీ, ఉపాధ్యాయ వృత్తికీ, గురుత్వానికీ కూడా వర్తిస్తుంది.

హద్దు తెలియడం

2020 డిసెంబరులో మన ఏలూరులో జరిగినది ఎవరూ మరచిపోలేదు. కొద్ది రోజుల్లోనే వందలాదిమంది మూర్ఛతో పడిపోయారు. తరువాత ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్త నమూనాలలో సీసం, నికెల్ కనబడ్డాయి. అంతుబట్టని జబ్బు కనబడగానే "ఇది మానసికం" అని తేల్చేయడం ఎంత ప్రమాదమో ఇది నేర్పుతుంది. మంచి శిక్షణ పొందినవారు ముందు శరీరాన్ని డాక్టరు చేత పరీక్ష చేయిస్తారు. తన పరిధి దాటిన కేసును మరొకరి దగ్గరకు పంపడం అవమానం కాదు, అదే వృత్తి ధర్మం.

పాపసంకీర్తనం ఉండగా ఇదెందుకు?

పాపసంకీర్తనంలో మనం పాపక్షమాపణ పొందుతాం. కాని ప్రతి బాధా పాపం కాదు. నిద్రపట్టని తల్లికి, భయంతో వణికే విద్యార్థికి కావలసింది క్షమాపణ కాకపోవచ్చు, చికిత్స కావచ్చు. రెండింటినీ కలగలిపితే రెండింటికీ నష్టమే. పోపు 12వ పయస్ గారు 1953 ఏప్రిల్‌లో మానసిక చికిత్సకుల అంతర్జాతీయ మహాసభను ఉద్దేశించి ప్రసంగించారు. ఆధ్యాత్మిక పరిచర్యలో మనస్తత్వశాస్త్రాన్ని కూడా వినియోగించుకోవాలని రెండవ వాటికన్ మహాసభ 1965లో చెప్పింది. 1971లో రోములోని గ్రెగోరియన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర సంస్థ ఏర్పడింది.

రహస్యం విషయంలో ఒక తేడా తెలుసుకోవాలి. పాపసంకీర్తన రహస్యానికి మినహాయింపు లేదు. చికిత్సకుల రహస్యాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కాపాడుతుంది గాని, ప్రాణాపాయం, ఇతరులకు హాని, కోర్టు ఉత్తర్వు వంటి సందర్భాల్లో మినహాయింపులున్నాయి. మంచి చికిత్సకుడు ఈ సంగతి మొదటి రోజే చెబుతాడు.

తల్లిదండ్రులకు

మీ బిడ్డ ఈ చదువుకు వెళితే మూడు విషయాలు మనసులో ఉంచుకోండి. ఒకటి, ఇది నెమ్మదిగా పండే పంట. డిగ్రీ, పీజీ, ఆపై శిక్షణ కలిపితే చాలా ఏళ్లు పడుతుంది. తొలి సంపాదన కోసం తొందరపెట్టకండి. రెండు, బిడ్డను ఇంటి డాక్టరును చేయకండి. "మీ బాబాయికి నువ్వే నచ్చజెప్పు" అనవద్దు. సొంతవారికి చికిత్స చేయకూడదన్నది ఈ వృత్తి నియమం.

మూడవది కష్టమైనది. శిక్షణలో తన మనసును తవ్వుకొనే బిడ్డ సెలవులకు వచ్చి పాత సంగతులు అడగవచ్చు. "తాతయ్య ఎందుకు అలా చనిపోయాడు? నా చిన్నప్పుడు మీరెందుకు మాట్లాడుకోవడం మానేశారు?" అనవచ్చు. అది మీమీద నేరారోపణ అనుకోకండి. మనసు చెడిందనీ భయపడకండి. ఎన్నో ఏళ్లుగా మూసిన గది తలుపును తట్టే ధైర్యం ఆ బిడ్డకు వచ్చిందనుకోండి. తెలిసినంత నిజం ప్రేమతో చెప్పండి. చెప్పలేకపోతే "ఇప్పుడు చెప్పలేనమ్మా" అనండి. అబద్ధం మాత్రం చెప్పకండి. ఆ నిజం మీదే రేపు ఎందరో బాధితులకు ఆ బిడ్డ ఇవ్వబోయే సహాయం ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడే సహాయం కావలసిన ఇల్లు ఉంటే, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా, ఏ వేళనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. మన ఇంట్లో ఎవరైనా బాధ చెప్పుకుంటే ముందు వింటున్నామా, సలహా ఇస్తున్నామా?
2. మన కుటుంబంలో ఎవరూ మాట్లాడని పాత సంగతి ఏదైనా ఉందా? దానిని ఎవరితో, ఎలా మొదలుపెట్టవచ్చు?
3. మనసుకు వైద్యం అవసరమైనప్పుడు ఎవరి దగ్గరకు వెళతాం? వారి అర్హత ఎలా తెలుసుకుంటాం?